అయిదో బుట్ట నుంచి

నలభై ఆరేళ్లు వచ్చేదాకా సుద్దక్క ఎవరి మీదా చెయ్యి ఎత్తలేదు. ఎత్తలేదని నలుగురిలో చెప్పుకుని మురిసిపోయేది కూడా. ఆ మురిపెం ఆరో రోజు ఉదయం తొమ్మిదిన్నరకు తీరిపోయింది.

ఆరో రోజంటే, ఊరికి నీళ్లు ఆగిపోయిన ఆరో రోజు. ఊరందరికీ నీళ్లు తోడిపోసే పెద్ద పంపు నిలువునా పగిలిపోయింది. అంత పంపు బాడీని కొత్తగా పోత పోయగల ఫ్యాక్టరీ ఆ చుట్టుపక్కల ఒక్కటే ఉంది. సుద్దక్క పనిచేసేది అందులోనే. పాత ఇనుము తెచ్చి, ఏరి, కొలిమిలో కరిగించి, అచ్చుల్లో పోయడం అక్కడి పని. ఏరే చోటు తుక్కు యార్డు. యార్డుకు పెద్ద సుద్దక్క. చెవి వెనక ఎప్పుడూ సుద్దముక్క పెట్టుకుని తిరుగుతుంది కాబట్టి ఆ పేరు వచ్చింది. అసలు పేరుతో పిలిచేవాళ్లు ఇంట్లో కూడా మిగల్లేదు.

కొలిమి దగ్గర పెద్ద ఆమె తమ్ముడు. వాణ్ణి అందరూ పిడుగు మేస్త్రి అంటారు. ఎందుకంటారో వాడి అరచెయ్యి తగిలిన చెంపలను అడిగితే చెబుతాయి. చెడ్డవాడు కాదు. కాలిన కూలీని భుజాన వేసుకుని ఆసుపత్రి దాకా పరుగెత్తినవాడు. కాకపోతే వాడి ప్రేమైనా కోపమైనా ఆ చేతిలోంచే రావాలి, నోటిలోంచి రాదు.

తుక్కులో అన్నిటికన్నా చెడ్డది రెండు వైపులా మూసుకుపోయిన గొట్టం. పాత బండ్ల షాకబ్జార్బర్లు, మూత బిగుసుకుపోయిన సిలిండర్లు, కొసలు నలిగిపోయిన పైపు ముక్కలు. వాటి లోపల గుక్కెడు నీళ్లో నూనో ఉండిపోతుంది. అలాంటిది ఒక్కటి మరుగుతున్న ఇనుములో పడిందంటే కొలిమి మొత్తం కక్కేస్తుంది. అందుకని యార్డులో ఆడవాళ్లు బోలుగా కనిపించిన ప్రతి ముక్కనూ సుత్తితో కొట్టి, చెవి పెట్టి వింటారు. ఖంగుమంటే మంచిది. గొంతు పట్టేసినట్టు మోగితే దానికి బెజ్జం పొడవాలి. విన్నదాని మీద సుద్దతో ఒక గీత గీయాలి. గీత లేని ముక్క బుట్టలోకి ఎక్కకూడదు.

ఈ పద్ధతి పెట్టింది వాళ్ల నాన్న. 'దండం దశగుణం భవేత్' అనేవాడు ఆయన. ఆయనకు వచ్చిన సంస్కృతమంతా అంతే. గీత లేని ముక్క పైకి వస్తే చెంప పగలగొట్టేవాడు. ఆయన పోయాక కొలిమితో పాటు ఆ హక్కూ కొడుక్కి వచ్చింది. ఇన్నేళ్ల దెబ్బలతో యార్డులో ఆడవాళ్లందరికీ గీత గీయడం చక్కగా వచ్చింది. వినడం మాత్రం నత్త ఒక్కతికే వచ్చింది.

నత్త నోట్లో నాలుక లేని మనిషి. ముప్పై అయిదేళ్లుంటాయి. మొగుడు చచ్చిపోయాక ఈ పనికి వచ్చింది. మిగతావాళ్లు బుట్ట నింపేలోపల ఆమె సగం కూడా నింపదు. ఒక్కో గొట్టాన్నీ మూడుచోట్ల కొట్టి, తల వంచి, కళ్లు మూసుకుని వింటుంది. "నత్తమ్మా, నీ బుట్ట పైకొచ్చేసరికి నాకు మనవలు పుట్టేస్తారు!" అని చిన్న కొలిమి మీద పనిచేసే పొడుగోడు పై నుంచి అరిచేవాడు. వాడికింకా పెళ్లే కాలేదు. నత్త తలెత్తకుండా నవ్వుకునేది. ఆమె గీసిన గీత మీద కొలిమివాళ్లకు ఎంత నమ్మకమంటే, కష్టమైన పోత పడ్డప్పుడల్లా "నత్త బుట్టలే పంపండి" అనేవాళ్లు.

మూడేళ్ల కిందట యార్డు చేతికి వచ్చినప్పుడు సుద్దక్క తమ్ముడితో ఒక్క మాట చెప్పింది. "ఒరేయ్, నా గేటు దాటి లోపలికి వచ్చి ఎవరినీ కొట్టకు. నా వాళ్లకు నేను చెప్పుకుంటాను." చెప్పుకుంది కూడా. ఒక్కొక్కరినీ పక్కన కూర్చోబెట్టుకుని, వాళ్ల చేత కొట్టించి, వాళ్ల చేత వినిపించి, విసుక్కోకుండా నెలల తరబడి నేర్పింది. నత్తకు పట్టుబడింది. మిగతావాళ్లు "అలాగే అక్కా" అని పాతపాటే పాడారు.

అయితే ఆమె గుండెలో ఒక ముల్లు ఉండిపోయింది. కొలిమి దగ్గర ఒక తాత ఉండేవాడు. ముఖానికి అద్దం కట్టుకోమంటే ఉక్కపోస్తుందని గొణిగేవాడు. కొట్టొద్దురా, నేను ఒప్పిస్తానని సుద్దక్క తమ్ముణ్ణి ఆపి, నాలుగు రోజులు ఆ తాతను బతిమాలింది. నాలుగో రోజు "సరేలేవే, రేపటి నుంచి" అన్నాడు తాత. ఆ సాయంత్రమే ఇనుము చిందింది. రెండు కళ్లూ పోయాయి.

"ఒక్క దెబ్బతో తగిలించేవాణ్ణి అక్కా," అన్నాడు తమ్ముడు ఆసుపత్రి వరండాలో. "ఆ ఒక్క దెబ్బా నువ్వు వెయ్యనివ్వలేదు."

ఆ మాటకు జవాబు సుద్దక్క ఎనిమిది నెలలుగా వెతుక్కుంటూనే ఉంది.

ఆరో రోజు ఉదయం ఫ్యాక్టరీ గేటు బయట ఖాళీ బిందెలతో జనం గుమిగూడారు. ముందురోజు నీళ్ల ట్యాంకరు దగ్గర తొక్కిసలాటలో ఒక ముసలాయన కాళ్ల కింద నలిగి చచ్చిపోయాడు. ఆ శవాన్ని చూసి వచ్చినవాళ్ల కళ్లు మామూలుగా లేవు. గోడ మీంచి రాళ్లు పడుతున్నాయి. వాచ్‌మన్ తల పగిలి, చొక్కా ఎర్రగా తడిసి, మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. పంపు బాడీకీ దాని మూతకూ కావలసిన ఇనుము ఒక్క కొలిమిలో సరిపోదు. పెద్దదీ చిన్నదీ రెండూ ఒకేసారి కరగాలి. మధ్యాహ్నానికల్లా పోత పడితే మర్నాటికి ఊరికి నీళ్లు.

తమ్ముడు యార్డు గేటు దగ్గరికి వచ్చి ఆగాడు. ఇచ్చిన మాట ప్రకారం లోపలికి అడుగు పెట్టలేదు.

"ఎన్ని బుట్టలయ్యాయి?"

"నాలుగు."

"ఏడు కావాలి. ఈపాటికి ఆరు అవ్వాలి. ఏం చేస్తున్నారు?"

"మీవాళ్లు నత్త బుట్టలే కావాలన్నారు, అదే చూస్తోంది. దాని చెయ్యి అంతేగా."

"ఊరు నాలుక పిడచకట్టుకుని చస్తోందక్కా, అది సుత్తి పుచ్చుకుని కచేరీ చేస్తోంది! నిన్న ఆ ముసలాయన చచ్చాడు. ఇవాళ ఎవరు చస్తారో! నువ్వు వెయ్యకపోతే నేను వేస్తా. గేటు గీటు చూసుకోను." వాడి గొంతు తగ్గింది. "తాతను చూశావుగా. మళ్లీ అదేనా?"

ఆ చివరి మాట లేకపోతే ఏమయ్యేదో చెప్పలేం. సుద్దక్క వెనక్కి తిరిగి నత్త దగ్గరికి నడిచింది. ఒక పెద్ద రాయి గోడ దాటి వచ్చి తుక్కు మీద ఖంగున పడింది. నత్త ఉలిక్కిపడనైనా లేదు. ఒక గొట్టానికి చెవి ఆనించి ఉంది.

"తొందరగా కానివ్వు," అంది సుద్దక్క.

"నిదానమే ప్రధానం అని నువ్వేగా అక్కా..." అంది నత్త కళ్లు తెరవకుండా, కొంచెం నవ్వుతూ.

సుద్దక్క కొట్టింది. అరచెయ్యి అంతా పడేలా, బలంగా. నత్త పక్కకు ఒరిగి తుక్కు మీద మోచెయ్యి ఆనించుకుంది. యార్డు మొత్తం ఆగిపోయింది. తన చేతిలో పుట్టిన మంట సుద్దక్కకు వింతగా అనిపించింది, కాస్త హాయిగా కూడా అనిపించింది. ఆ హాయి తర్వాత ఆమెను అన్నిటికన్నా ఎక్కువ కాల్చింది.

"ఏడు కావాలి. గంటలో," అంది, తమ్ముడి గొంతుతో.

నత్త ఏడవలేదు. సుత్తి అందుకుంది. మొదట ఆ సుత్తి చప్పుడు త్వరగా పడింది. ఒక్కో ముక్కకు ఒక్కో దెబ్బ. తర్వాత అదీ తగ్గింది. తర్వాత సుద్ద గీసిన చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. అయిదో బుట్ట నిండింది, ఆరోది నిండింది, ఏడోది నిండింది. "ఓహో, నత్తమ్మకు చక్రాలొచ్చాయిరోయ్!" అని పొడుగోడు పై నుంచి ఈల వేశాడు. సుద్దక్క గేటు దగ్గర నిలబడి జనం వైపు చూస్తోంది. వెనకాల సుత్తి మోగడం లేదని ఆమెకు తెలుసు. పదిహేనేళ్లు ఆ చప్పుడులోనే బతికిన మనిషికి తెలియకుండా ఎలా ఉంటుంది? తెలిసీ వెనక్కి తిరగలేదు.

పదకొండు దాటాక అయిదో బుట్ట చిన్న కొలిమిలోకి వెళ్లింది.

ముందు చప్పుడు కాదు, కాళ్ల కింద నేల కదిలింది. ఆ తర్వాత పేలింది. పైకప్పు రేకులు లేచి విరిగి పడ్డాయి. కొలిమి నోట్లోంచి ఇనుము నిలువునా ఎగజిమ్మి నలువైపులా కురిసింది. ఇసుక అచ్చుల మీద, గోడల మీద, మనుషుల మీద. సుద్దక్క లోపలికి పరుగెత్తేసరికి పొగలో ఏమీ కనిపించలేదు. పొడుగోడు పొడుగు వల్లే దొరికాడు. వాడి కాళ్లు మెట్ల మీద ఉన్నాయి, మిగతాది కొలిమి గట్టు మీద ఉంది. ముఖం ఉండవలసిన చోట ఇనుము గడ్డకడుతోంది. చొక్కా ఇంకా మండుతోంది. ఎవరో బస్తా గుడ్డతో కొడుతున్నారు, కొట్టి ప్రయోజనం లేదని తెలిసినా.

తమ్ముడు బతికాడు. పేలుడు వాణ్ణి గోడకేసి కొట్టింది. భుజం మీద చర్మం ఊడి వేలాడుతోంది. రెండు చెవుల్లోంచీ నెత్తురు మెడ మీదికి కారుతోంది. లేచి నిలబడి ఏదో అరిచాడు, తన గొంతు తనకే వినిపించక మళ్లీ అరిచాడు. సుద్దక్క మొగుడు పెద్ద కొలిమి మీద ఉన్నాడు. అది అక్కడికి ఇరవై అడుగుల దూరం. చేతిలో కడ్డీతో నిలబడిపోయి ఉన్నాడు. ఒంటి మీద చిన్న చిన్న కాలిన మచ్చలు తప్ప ఏమీ కాలేదు. ఆమె ఆయన ముఖం చూసింది, ఆయన ఆమె ముఖం చూశాడు. అప్పటికి అది చాలు.

తమ్ముడు పెద్ద కొలిమిలోకి తొంగి చూశాడు. ముప్పాతిక నిండి ఉంది. ఇంకో రెండు బుట్టలు పడితే, చిన్న కొలిమి లేకపోయినా పంపు బాడీకి సరిపోతుంది, మూత తర్వాత పోసుకోవచ్చు. వాడి బుర్రలో ఆ క్షణాన పొడుగోడు లేడు, భుజం లేదు. గేటు బయట జనం ఉన్నారు. అది నిజంగా జనం మీద జాలే. కాదంటే పాపం.

వాడు గేటు దాటి యార్డులోకి వచ్చాడు. మూడేళ్లలో మొదటిసారి. నడుముకున్న వెడల్పాటి తోలు బెల్టు ఊడదీస్తూ వచ్చాడు.

"ఆరు, ఏడు బుట్టలు ఎవరు చూశారు?"

అందరూ నత్త వైపు చూశారు. బెల్టు మొదటి దెబ్బ ఆమె వీపు మీద పడింది, రెండోది నోటి మీద. ఆమె తుక్కు మీద పడిపోయింది. వాడు జుట్టు పట్టుకుని లేపాడు.

"అన్నీ కొట్టి విన్నావా? చెప్పు! విన్నావా?"

ఆమె పెదాలు కదిలాయి. వాడికి వినబడలేదు. మళ్లీ కొట్టాడు.

"నాకు వినబడదే! తల ఊపు! అన్నీ విన్నావా? తల ఊపు!"

సుద్దక్క వాడి చెయ్యి పట్టుకుని లాగింది. వాడు విదిలించాడు, ఆమె వెళ్లి డ్రమ్ముకు కొట్టుకుంది. బెల్టు ఇంకో నాలుగుసార్లు లేచింది. నత్త తల ఊపింది. అవునని, విన్నానని, అన్నీ విన్నానని, ఆపకుండా ఊపుతూనే ఉంది.

"పదండి. రెండు బుట్టలూ ఎత్తండి," అని పిడుగు మేస్త్రి వెళ్లిపోయాడు. వాడికి కావలసిన జవాబు వాడికి దొరికింది.

క్రేన్ మోటారు మొదలైంది. ఆ క్రేన్ నిదానమైనది. బుట్టను ఎత్తి, కొలిమి మీదికి జరిపి, అడుగు తలుపు తెరవడానికి నాలుగైదు నిమిషాలు పడుతుంది. కొలిమి పక్కన సుద్దక్క మొగుడు ఉన్నాడు. ఇంకో ఆరుగురు ఉన్నారు.

సుద్దక్క నత్త ముందు నేల మీద కూలబడింది. నత్త మోకాళ్లు ముడుచుకుని, రెండు చేతులూ తల మీద పెట్టుకుంది. సుద్దక్క చెయ్యి ముందుకు రాగానే కళ్లు గట్టిగా మూసుకుంది. ఆ చెయ్యి ఎందుకు వస్తోందో ఇక ఆమెకు అనవసరం.

సుద్దక్క ఒళ్లంతా ఒక్కటే అంటోంది. పట్టుకుని కుదుపు. చెంపలు వాయించు. టైమ్ లేదు. మోటారు గురగురలాడుతోంది. ఆమె తన చేతులు రెండూ తన తొడల కింద పెట్టుకుని వాటి మీద కూర్చుంది.

"నత్తా, నిన్ను ఏమీ అడగను. నేను చేసింది చెబుతాను, విను."

నత్త కదల్లేదు.

"నేను కొట్టాక నీ సుత్తి ఆగిపోయింది. నాకు తెలుసు. నాకు వినిపించింది. వెనక్కి తిరిగి చూస్తే ఆపాల్సి వస్తుందని తిరగలేదు. పొడుగోణ్ణి చంపింది నువ్వు కాదు. రేపు ఎవరడిగినా నేను ఇదే చెబుతాను. వాళ్లమ్మ అడిగినా ఇదే చెబుతాను."

మోటారు చప్పుడు మారింది. బుట్ట నేల విడిచింది.

"మా నాన్న కొట్టేవాడు. గీతలు వచ్చాయి. నేనూ కొట్టాను. గీతలే వచ్చాయి." సుద్దక్క తొడల కింది చేతులను ఇంకా గట్టిగా అదిమిపెట్టుకుంది. "నువ్వు ఏం చెప్పినా నిన్ను ఎవరూ ముట్టుకోరు. చెప్పకపోయినా ముట్టుకోరు. నేను ఇక్కడే కూర్చుంటాను."

ఆ మాట అన్నాక కూర్చుంది. నోరు మూసుకుని కూర్చోవడం కన్నా కష్టమైన పని ఆమె జన్మలో చెయ్యలేదు. పైన గొలుసులు కిర్రుమంటున్నాయి. ఆయన దగ్గుతున్నాడు, ఆ దగ్గు ఆమె గుర్తుపట్టగలదు. యార్డులో మిగతా ఆడవాళ్లు నోళ్లు నొక్కుకుని నిలబడ్డారు. నత్త తల మీది చేతులు నెమ్మదిగా దిగాయి. చితికిన పెదవి విప్పింది.

"అయిదో బుట్ట నుంచి అక్కా," అంది. "ఒక్కటీ వినలేదు. గీతలు గీసేశాను. మళ్లీ కొడతావని..."

మిగతాది వినడానికి సుద్దక్క అక్కడ లేదు. నత్త ఒళ్లో ఉన్న సుత్తి పట్టుకుని పరుగెత్తింది.

బుట్ట కొలిమి మీదికి వచ్చేసింది. వేలాడే స్విచ్చు పెట్టె తమ్ముడి కుడిచేతిలో ఉంది. బొటనవేలు తలుపు మీట మీద ఉంది. "ఆపరా! చూడలేదు! ఆ బుట్ట చూడలేదు!" అని అరుచుకుంటూ ఆమె మెట్లెక్కింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. వాడు ఇటు వీపు పెట్టి ఉన్నాడు. కొలిమి అవతల ఉన్న మొగుడికి వినిపించింది.

"దిగు! అందరూ దిగండి!"

"మేస్త్రి చెప్పాలి కదే!" అన్నాడాయన. అలా అనడం తప్పని ఆయనకు ఎవరూ నేర్పలేదు. మేస్త్రి చెప్పకుండా కొలిమి వదిలినవాడికి ఏమవుతుందో మాత్రం ఇరవై ఏళ్లుగా అందరూ నేర్పారు. ఆరుగురిలో ఒక్కడూ కదల్లేదు.

ఆమె తమ్ముడి భుజం పట్టి లాగింది. కాలిన భుజం. వాడు నొప్పితో గర్జించి మోచేత్తో వెనక్కి నెట్టాడు. ఆమె పెదవి చీలింది. వాడి బొటనవేలు కదిలింది.

సుత్తి దెబ్బ మణికట్టు మీద పడింది. స్విచ్చు పెట్టె వదల్లేదు వాడు. రెండో దెబ్బ వేళ్ల మీద పడింది. ఎముకలు విరిగిన చప్పుడు ఆమె చెవులకు చేరింది. వాడికి మాత్రం చేరలేదు. మూడోది ఎందుకు వేసిందో ఆమె ఎప్పటికీ చెప్పలేదు. పెట్టె జారి గాల్లో ఊగింది. తమ్ముడు మోకాళ్ల మీద కూలి, చెయ్యిని పొట్టలో దాచుకుని, అక్క ముఖంలోకి నోరు తెరుచుకుని చూశాడు. చిన్నప్పుడు నాన్న కొట్టినప్పుడల్లా ఇలాగే చూసేవాడు. అప్పుడు అక్క వెనక దాక్కునేవాడు.

బుట్ట కొలిమి మీద అలాగే వేలాడుతూ ఉండిపోయింది. పదిమంది చేతులు ఆమెను పట్టుకున్నాయి. వాటిలో ఆమె మొగుడి చేతులు కూడా ఉన్నాయి.

యజమాని వచ్చేసరికి పన్నెండున్నర. గేటు బయట పేలుడు విన్న జనం ఇంకా రెచ్చిపోయారు. ఆయన చొక్కా భుజం చిరిగి ఉంది. పొడుగోడి మీద కప్పిన గోనె చూశాడు, మేస్త్రి చేతికి కడుతున్న గుడ్డ చూశాడు. జరిగింది విన్నాడు.

"పెద్ద కొలిమిని సన్న సెగ మీద నిలబెట్టండి," అన్నాడు. సుద్దక్క వైపు తిరిగాడు. "ఈ రెండు బుట్టలూ కింద పోయించు. అందరి ముందూ కొట్టి వినండి. ఒక్కటంటే ఒక్క మూసిన గొట్టం దొరికిందా, ఏడుగురిని కాపాడిన దానివని నిన్ను నెత్తిన పెట్టుకుంటాం. దొరకలేదా, పనిచేస్తున్న మేస్త్రి చెయ్యి విరగ్గొట్టి ఊరికి నీళ్లు రాకుండా ఆపావని పోలీసులకు అప్పగిస్తాను. ఆ జనానికి నేను ఎవర్నో ఒకర్ని చూపించాలి."

కొట్టి వినడానికి నత్తే కావాలన్నారు కొలిమివాళ్లు. ఇంకొకరి గీత నమ్మం అన్నారు.

నత్త వీపు నిటారుగా ఉంచలేకపోయింది. బోర్లించిన డబ్బా మీద కూర్చోబెట్టారు. ఒక కన్ను వాచి మూసుకుపోయింది. వినడానికి ఎలాగూ కళ్లు మూసుకుంటుంది కదా అని ఎవరో జోకు వేయబోయి మధ్యలో ఆపేశారు. ఒక్కో ముక్కా తీసి, మూడుచోట్ల కొట్టి, తల వంచి వింది. ఎవరూ తొందర పెట్టలేదు. ఒంటిగంట అయింది. రెండయింది. ఖంగు. ఖంగు. ఖంగు. విన్నవి కుడివైపు పోగుపడుతున్నాయి.

సుద్దక్క ఎదురుగా నిలబడి ఉంది, ఇద్దరు మనుషుల మధ్య. ఒక్కటి చెడ్డది దొరకాలని కోరుకుంటోంది. పొద్దున్న ఏ గొట్టం పొడుగోణ్ణి తిన్నదో, అలాంటిది ఇంకొకటి ఈ కుప్పలో ఉండాలని. ఎంత నీచమైన కోరికో తెలుస్తూనే ఉంది, అయినా పోవడం లేదు. అది దొరికితే తమ్ముడి చేతికి అర్థం ఉంటుంది. దొరక్కపోతే కొండను తవ్వి ఎలుకను కూడా పట్టనట్టు. తమ్ముడు ఆసుపత్రికి పోనన్నాడు. గోడకు ఆనుకుని, చెయ్యి ఒళ్లో పెట్టుకుని, వినబడని సుత్తిని చూస్తూ కూర్చున్నాడు.

మూడున్నరకు ఇక పది పన్నెండు ముక్కలు మిగిలాయి. నత్త ఒక పాత షాకబ్జార్బరు తీసింది. కొట్టింది. ఆగింది. మళ్లీ కొట్టింది. చుట్టూ ఉన్నవాళ్లు ముందుకు వంగారు. యజమాని కూడా అడుగు ముందుకు వేశాడు.

"అక్కా, ఇలా రా," అంది నత్త.

సుద్దక్క దగ్గరికి వెళ్లి వంగింది. నత్త ఆ ముక్కను చూపిస్తున్నట్టు పైకెత్తి, ఆమె చెవిలో మెల్లగా అడిగింది. "ఇది మూసుకుపోయిందని చెప్పెయ్యనా? బెజ్జం పొడిచేస్తే ఇక ఎవరికి తెలుస్తుంది? వీళ్లలో ఎవరికీ వినడం రాదు. నువ్వు మాత్రం ఇంటికి వెళ్లిపోతావు."

ఒక్క మాట చాలు. ఊ అంటే చాలు, అసలు ఏమీ అనకుండా ఊరుకున్నా చాలు. గోడ దగ్గర తమ్ముడు ఆమెనే చూస్తున్నాడు. నత్త వాచిన ముఖంలో తెరుచుకుని ఉన్న ఒక్క కన్నూ ఆమెనే చూస్తోంది. అందులో పొద్దుటి భయం లేదు. అక్క కోసం ఏం చెయ్యమంటే అది చెయ్యడానికి సిద్ధంగా ఉన్న చూపు. దెబ్బకు గీసిన గీతా ప్రేమతో గీయబోయే ఈ గీతా రెండూ ఒకటేనని సుద్దక్కకు అప్పుడు అర్థమైంది.

"ఎలా మోగింది?" అని అడిగింది.

"ఖంగుమంది."

"అయితే అదే చెప్పు. ఉన్నది చెప్పు."

నత్త దాని మీద గీత గీసి కుడివైపు వేసింది. మిగిలినవన్నీ కొట్టింది, వింది, గీసింది. సుత్తి ఒళ్లో పెట్టుకుంది.

"ఒక్కటీ లేదా?" అన్నాడు యజమాని.

"లేదండీ," అంది నత్త. ఆమె గొంతు అంత పెద్దగా పలకడం యార్డులో ఎవరూ ఎరగరు. "రెండు బుట్టలూ శుభ్రంగా ఉన్నాయి. ఇప్పుడు పోసుకోండి. భయం లేదు."

అందరి ముఖాలూ సుద్దక్క వైపు తిరగడం చూసి తమ్ముడికి సంగతి తెలిసిపోయింది. గుడ్డ చుట్టిన చెయ్యి పైకెత్తి చూపించాడు. చెవిటివాళ్లు అరిచినట్టు గట్టిగా అరిచాడు. "దేనికక్కా ఇది? దేనికి?"

ఆమె నోరు తెరిచింది. వాడికి వినబడదని గుర్తొచ్చింది. వెళ్లి వాడి పక్కన కూర్చుని, విరిగిన చెయ్యిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. వాడు లాక్కోలేదు. ఇద్దరూ ఏడ్చారు. పోలీసు జీపు లోపలికి వచ్చేదాకా అలాగే ఉన్నారు.

రెండు బుట్టలూ పెద్ద కొలిమిలోకి వెళ్లాయి. ఏమీ పేలలేదు. స్విచ్చు పెట్టె ఆమె మొగుడు పట్టుకున్నాడు. జీపు ఎక్కేముందు ఆమె ఆయన వైపు చూసింది. ఆయన కొలిమి వైపు చూస్తున్నాడు. చెవి వెనక సుద్దముక్క తీసి నత్త చేతిలో పెట్టింది. నత్త దాన్ని తన చెవి వెనక పెట్టుకోలేదు, కొంగున ముడి వేసుకుంది.

పంపు మీద మూతకు ఇనుము ఇంకా ఒక బుట్ట కావాల్సి వచ్చింది. జీపు గేటు దగ్గర జనం తొలగడం కోసం ఆగినప్పుడు సుద్దక్కకు యార్డు కనిపించింది. కొత్త తుక్కు కుప్ప ముందు నత్త కూర్చుని ఉంది. యజమాని ఆమె వెనక నిలబడి వాచీ చూసుకున్నాడు, నోరు తెరిచాడు, ఆ వాచిన ముఖం చూసి మూసుకున్నాడు. గోడ అవతల ఖాళీ బిందెలు మోగుతున్నాయి. ఒక రాయి జీపు మీద పడి అద్దం పగిలింది. పక్కన కూర్చున్న పోలీసు ఆమె తల కిందికి వంచాడు.

వంచిన తలతో ఆమె ఆ సుత్తి కోసం చెవి పెట్టి వింది. ఒక దెబ్బ పడింది. చాలాసేపటికి ఇంకొకటి పడింది.